పదకొండు గాలులు ఏమయ్యాయి?

"పదకొండు తక్కువొచ్చాయి," అన్నాడు స్టాప్‌వాచ్.

సంకెళ్లు బయటికి తీసిన ఇన్‌స్పెక్టరు చెయ్యి గాల్లోనే ఆగింది. "ఏవి? గుండీలా?"

"కాదు. గాలులు."

గోడ గడియారం రెండూ యాభై చూపిస్తోంది. నాలుగు గంటలకు కొండ మీది కొత్త రోప్‌వే ప్రారంభం. ఆ లోపు తేలవలసినది ఒక్కటే: ఆ తీగ మీద మనుషుల్ని పంపవచ్చునా, పంపకూడదా?

పంపవచ్చునన్న రిపోర్టు మీద సంతకం ఉన్న సిమ్యులేషన్ ఇంజనీరు ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉంది. నిన్న మధ్యాహ్నం పన్నెండూ నలభైకి ఈ కార్యాలయంలోనే, రికార్డు గదికి దిగే మెట్ల కింద, తలకు దెబ్బతో కనిపించింది. ఆమె భర్త రోప్‌వే ఆపరేటరు. మొదటి క్యాబిన్‌లో ఎక్కేది అతనే. నిన్న సాయంత్రం ఆస్పత్రి వరండాలో స్టాప్‌వాచ్ రెండు చేతులూ పట్టుకుని అతను అన్నాడు: "మా ఆవిడ మెట్లు చూసుకోకుండా దిగే మనిషి కాదండీ. ఎవరో తోశారు. ఎవరో మీరు తేల్చండి. నేను మాత్రం రేపు బండెక్కుతాను. ఎక్కకపోతే, ఆవిడ లెక్క మీద మొగుడికే నమ్మకం లేదంటారు."

ఇరవై తొమ్మిదేళ్లు బీమా సంస్థలో ప్రమాదాల విచారణ చేసి పదవీవిరమణ పొందిన ఆ డిటెక్టివ్‌కు స్టాప్‌వాచ్ అన్న పేరు పెట్టింది పోలీసులే. వెటకారంగా పెట్టారు, ఆయన దాన్ని బిరుదుగా స్వీకరించాడు.

"చూడండి స్టాప్‌వాచ్ గారూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు, నుదుటి చెమట తుడుచుకుంటూ. "నిన్న పన్నెండూ పదికి గాలి ఫైలు మార్చింది ఈయన పాస్‌వర్డుతో. అక్క చేతికింద పదకొండేళ్లుగా తమ్ముడు. ప్రమోషన్ రాలేదని గొడవ. పన్నెండున్నర దాకా ఎక్కడున్నాడో చెప్పేవాళ్లు లేరు. ఇంకేం కావాలి మీకు? నన్ను నా పని చేసుకోనివ్వండి."

కుర్చీలో కూర్చున్న ఇంజనీరు తమ్ముడు ఫైలు అట్టతో విసురుకుంటున్నాడు. నలభై దాటిన మనిషి. రాత్రంతా ఆస్పత్రిలో ఉన్న ఆనవాళ్లు కళ్లలో ఉన్నాయి.

"మీ పాస్‌వర్డు ఎవరెవరికి తెలుసు?" స్టాప్‌వాచ్ అడిగాడు.

"మానిటరు అంచుకి అంటించుకున్నానండీ. గది తుడిచే ఆవిడ కూడా చదవగలదు."

"అది పాస్‌వర్డా, నోటీసు బోర్డా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

స్టాప్‌వాచ్ నవ్వలేదు. రిపోర్టులోని చివరి పేజీలు విడదీసి, తెరిచి ఉన్న కిటికీ గట్టు మీద ఒక్కొక్కటే పరిచాడు. మీద బరువేమీ పెట్టలేదు. "మీ అక్కయ్యగారు చేసే పని ఇన్‌స్పెక్టరుగారికి అర్థమయ్యేలా చెప్పండి. రెండు నిమిషాలు."

"గాలిని మిషన్లో వీచేలా చెయ్యడమండీ," అన్నాడు తమ్ముడు. "కొండ మీద ముప్పై ఏళ్ల గాలి కొలతలున్నాయి. ఏ వేగం ఎంత తరచుగా వస్తుందో వాటిని బట్టి పట్టిక కడుతుంది అక్క. పుస్తకాల్లో సంభావ్యతా విభాజనం అంటారు. ఆ పట్టికని మిషన్‌కిస్తే అది పదివేల ఉత్తుత్తి రోజులు నడుపుతుంది. ఒక్కో రోజుకి ఒకటి నుంచి పదివేల దాకా ఏదో ఒక అంకె తీస్తుంది. ఆ అంకె ఏ వరసలో పడితే ఆ రోజు అంత గాలి వీచినట్టు."

"అంటే చీట్లు తియ్యడం," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అంతేనండీ. చీటీల లెక్క మాత్రం కొండ చెబుతుంది, మనం కాదు."

స్టాప్‌వాచ్ తెర మీది పట్టికను తన నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాడు. అయిదు వరసలు. గంటకు నలభై కిలోమీటర్ల లోపు గాలికి ఎదురుగా 6200. యాభై లోపుకు 8900. అరవైకి 9700. డెబ్భైకి 9950. ఎనభైకి 9990. అక్కడితో సరి. ఎనభై దాటితే క్యాబిన్ ఊగి టవరు కొమ్ముకు కొట్టుకుంటుంది. పట్టికలో ఎనభై దాటిన గాలే లేదు కనుక, ఉత్తుత్తి రోజుల్లో ఒక్క ప్రమాదమూ జరగలేదు. రోప్‌వే సురక్షితమని తేల్చిన రిపోర్టు కింద ఆమె సంతకాన్ని మిషనే అచ్చు వేసింది.

"రిపోర్టులో ఏ గాలి ఎన్ని రోజులు వీచిందో ఉంది," అన్నాడు స్టాప్‌వాచ్. "6208, 2695, 806, 241, 39. కూడండి."

తమ్ముడి పెదవులు కదిలాయి. "9989."

"నడిపింది పదివేల రోజులు. పదకొండు రోజులు గాలి ఎటు పోయింది?"

ఫైలు అట్ట తమ్ముడి చేతిలోంచి జారింది. లేచి తెర దగ్గరకు వెళ్లి పట్టిక చూశాడు. "అక్క ప్రతి వరసలోనూ పైవన్నీ కలుపుకుని రాస్తుందండీ. సంచిత పట్టిక. నలభై లోపువి 6200, యాభై లోపువి వాటితో కలిపి 8900... చివరి వరస దగ్గర పదివేలు నిండి తీరాలి. ఇక్కడ 9990తో ఆగిపోయింది. ఇంకో వరస ఉండాలి! 9991 నుంచి పదివేల దాకా ఏ అంకె పడ్డా మిషన్‌కి వరస దొరకదు. దొరక్కపోతే ఆ రోజు వదిలేసి ముందుకు పోతుంది."

"ఆ వరస తీసేసింది నువ్వే," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఈయన తీస్తే ఎనభై పక్కనున్న 9990ని పదివేలు చేసి వదిలేవాడు," అన్నాడు స్టాప్‌వాచ్. "ఒక్క అంకె దిద్దితే పదివేల రోజులూ లెక్కకొచ్చేవి, మనకి అనుమానమే వచ్చేది కాదు. చిల్లు పెట్టినవాడు పూడ్చకుండా పోయాడంటే, అది చిల్లని వాడికి తెలియదు. ఈ పట్టిక చదవడం వాడికి రాదు."

"రానట్టు నటించి ఉండొచ్చుగా?"

స్టాప్‌వాచ్ ఇన్‌స్పెక్టరు వంక మెచ్చుకోలుగా చూశాడు. "ఉండొచ్చు. అది మంచి అనుమానం. దాన్ని దాచి ఉంచుదాం. ముందు మెట్లు చూపించండి."

*

పద్నాలుగు మెట్లు. పొడిగా ఉన్నాయి. ఎడమ వైపు గట్టి రెయిలింగు. ఆమె కింద గచ్చు మీద పడి ఉన్న చోట సుద్దముక్కతో గీత. పై మెట్టు దగ్గర మరో చిన్న సున్నా.

"ఇదేమిటి?"

"అక్కడొక రేకు డబ్బా పగిలి పడుంది. మూత లేదు. చుట్టూ గుండీలు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇలాంటిదే ఇంకోటి, మూత ఉన్నది, కింద ఆవిడ పక్కన దొరికింది. కుట్టుపని సామాను. లెక్కపెట్టించాను లెండి, మీరు అడుగుతారని తెలుసు. కింది డబ్బాలో వంద తెల్ల గుండీలు. పైదాంట్లో తెల్లవి ఎనభై, ఎర్రవి ఇరవై."

"పన్నెండూ నలభైకి కుట్టుపని చేసుకుంటూ మెట్లు దిగుతోందా?"

"ఆడవాళ్ల పనులు మనకెలా తెలుస్తాయండీ."

"అక్కకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు," అన్నాడు వెనకనుంచి తమ్ముడు. ఆ గొంతులో మొదటిసారి కోపం పలికింది. "ఏ పట్టికైనా మిషన్‌కిచ్చే ముందు గుండీలతో చూసుకోవడం ఆవిడ అలవాటు. ఎర్రది అంటే ఎనభై దాటిన గాలి. తెల్లది అంటే దాటనిది. డబ్బా ఊపి, కళ్లు మూసుకుని గుండీ తీస్తుంది. చేత్తో తియ్యలేని దాన్ని మిషన్ చేత తీయించకూడదంటుంది. కానీ ఎప్పుడూ ఒక పట్టికకి ఒక డబ్బానే. రెండు డబ్బాలెందుకో నాకూ తెలియదు."

"కింది డబ్బా మూత మీద ఏముంది?"

ఇన్‌స్పెక్టరు జేబులోని జాబితా తీశాడు. "ఏదో రాసుంది... 'పొద్దుటి నుంచీ గాలి ఆడిన రోజు.' అంతే."

స్టాప్‌వాచ్ పై మెట్టు మీద నిలబడి ఒకసారి, కింద గీత దగ్గర నిలబడి ఒకసారి చూశాడు. "జారిపడే మనిషి చేతిలోవి మనిషితో పాటు కిందికొస్తాయి. ఒక డబ్బా అలాగే వచ్చింది. రెండోది పైనే పగిలింది. అంటే ఆమె పడకముందే దాన్ని ఎవరో లాగారు. మూత వాళ్ల చేతిలో ఉండిపోయింది. మూత ఇంకా దొరకలేదంటే, లాగినవాడు దొరకలేదన్నమాట."

ఇన్‌స్పెక్టరు సంకెళ్లు నెమ్మదిగా జేబులో పెట్టుకున్నాడు.

వాళ్లు పైకి వచ్చేసరికి మూడూ పద్దెనిమిది. గది మధ్యలో రోప్‌వే ప్రాజెక్టు మేనేజరు నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, నడుముకు వైర్‌లెస్ సెట్టు, భుజాన తోలు బ్యాగు.

"ఇంకా అవలేదా మీ తనిఖీ?" అన్నాడు ఇన్‌స్పెక్టరుతో. తర్వాత స్టాప్‌వాచ్ వైపు తిరిగాడు. "మీరేనా బీమా తాతగారు? ప్రారంభం ఆపించాలని తిరుగుతున్నారట."

"నేనెవర్నీ ఆపను. అడుగుతానంతే," అన్నాడు స్టాప్‌వాచ్. "నిన్న ఇక్కడికి ఎన్ని గంటలకొచ్చారు?"

"పన్నెండుకి. రిపోర్టు ఎంతవరకు వచ్చిందో అడిగి వెళ్లిపోయాను."

"గాలి పట్టిక చూశారా?"

"పట్టికలతో నాకేం పని? నా టేబులు మీదికి వచ్చేది రిపోర్టు మాత్రమే. నిన్నే కాదు, ఎప్పుడూ చూడలేదు."

"అయితే ఒక చిన్న సాయం. పట్టికలు అలవాటు లేని మనిషి కావాలి నాకు." స్టాప్‌వాచ్ నోటుబుక్కులో నాలుగు వరసలు గీసి ముందుకు జరిపాడు. "ఒక బస్సు. వేళకు రావడం, 50. అయిదు నిమిషాల ఆలస్యం, 80. పది నిమిషాలు, 95. పావుగంట, 100. వందసార్లలో ఆ బస్సు పావుగంట ఆలస్యంగా ఎన్నిసార్లు వస్తుంది?"

మేనేజరు కాగితం వైపు చిరాగ్గా చూశాడు. "ఇక్కడే ఉందిగా. వంద. దిక్కుమాలిన బస్సు."

"అయిదండీ బాబూ! తొంభై అయిదు పోతే అయిదు!" ఇన్‌స్పెక్టరు ఆపుకోలేకపోయాడు. తనకే ఆశ్చర్యం వేసినట్టు తమ్ముడి వైపు చూశాడు.

"ఏమిటీ పిల్లకాయల లెక్కలు?" మేనేజరు గొంతు పెరిగింది. "ఎవరి పట్టిక వాళ్లకి అర్థమయ్యేలా రాసుకుంటే నాకెలా తెలుస్తుంది? ఇలాంటి రాతలు రాసి జనాన్ని హడలగొట్టడం ఈ ఆఫీసుకే చెల్లింది. తొంభై పక్కన పదివేలని వేసి పెడితే ఏ మనిషి గుండె ఆగదు?"

స్టాప్‌వాచ్ మణికట్టు చూసుకుని నోటుబుక్కులో రాసుకున్నాడు: మూడూ ఇరవై రెండు.

"ఏ తొంభై?" అన్నాడు మెల్లగా.

"అదే... ఆ చివరి వరస."

"చివరి వరస ఎనభై. తెర మీద చూడండి."

మేనేజరు చూశాడు. చూసిన తర్వాత అతని ముఖం మారడం ఇన్‌స్పెక్టరు చూశాడు.

"నిన్న పదకొండూ ముప్పై రెండుకి, పట్టిక మొదటిసారి మిషన్‌లో ఎక్కినప్పుడు, ఈ ఫైలులో ఆరు వరసలు," అన్నాడు స్టాప్‌వాచ్. "పన్నెండూ పదికి అయిదు. ఎన్ని వరసలున్నాయో మిషన్ గుర్తుపెట్టుకుంది. వాటిలో ఏముందో గుర్తుపెట్టుకోలేదు. పోయిన వరసలో తొంభై ఉందని తమ్ముడికి తెలియదు, నాకు తెలియదు. దాని పక్కన పదివేలు ఉండాలని పట్టిక చదవడం వచ్చినవాడు ఊహించగలడు. మీకు చదవడం రాదని ఇప్పుడే ఋజువు చేసుకున్నారు. ఊహించలేని మనిషికి ఆ అంకె తెలిసిందంటే, కళ్లతో చూశాడు. ఆ ముప్పై ఎనిమిది నిమిషాల్లోనే చూశాడు. తొంభై కిలోమీటర్ల గాలి పదివేలసార్లు వస్తుందనుకుని హడలిపోయి తుడిచేశాడు. ఇన్‌స్పెక్టరు గారూ, మీరు దాచిన అనుమానం ఇక పారేయవచ్చు."

"బ్యాగు ఇలా ఇవ్వండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేను తొయ్యలేదు!" మేనేజరు వెనక్కి అడుగు వేశాడు. "తప్పుడు పట్టిక అనుకున్నాను. ఆరు నెలలు వాయిదా వేయిస్తుందని దిద్దాను. ఆవిడ ఆ డబ్బాలు పట్టుకొచ్చి, పాత రిజిస్టర్లు తీసి అందరికీ చూపిస్తానంది. ఆపడానికి డబ్బా పట్టుకున్నాను. ఆవిడ వదల్లేదు. మూత ఊడొచ్చింది... అంతే."

"పడ్డాక?"

మేనేజరు తల దించుకుని బ్యాగు పట్టీ బిగించి పట్టుకున్నాడు.

"పడ్డాక పదిమందినీ పిలిచారా, రిపోర్టు నడిపించారా?"

మేనేజరు తల ఎత్తాడు. అతనిలో హఠాత్తుగా ధైర్యంలాంటిది కనిపించింది. "సరే, నేను చదివింది తప్పే. అయితే మరీ మంచిది కదా! మీ లెక్క ప్రకారమే ఆ వరసకి మిగిలేది పదివేల రోజుల్లో పది. వెయ్యికి ఒకటి. ఆ ఒకటీ ఈ రోజే రావాలా? మీరు హేతువాదులట కదా. భయపడ్డానికి హేతువు చూపించండి."

స్టాప్‌వాచ్‌కు ఆ ప్రశ్న సూటిగా తగిలింది. శకునాల మీద ఆయన ఏనాడూ ప్రారంభాలు ఆపమనలేదు. వెయ్యికి ఒకటి అంటే రోప్‌వేకి అనుమతి ఇవ్వకపోవడానికి చాలును. ఈ ఒక్క మధ్యాహ్నాన్ని చూసి వణకడానికి చాలదు. ఆ సంగతి ఆమెకు తనకన్నా బాగా తెలుసు. తెలిసీ, రెండు డబ్బాలు పట్టుకుని ఎందుకు పరుగెత్తింది?

ఇన్‌స్పెక్టరు బ్యాగు లాక్కుని బోర్లించాడు. కళ్లద్దాల పెట్టె, కాగితాలు, వాటి మధ్య నుంచి గుండ్రటి రేకు మూత టేబులు మీద పడి గిరగిరా తిరిగి ఆగింది.

దాని మీద పొందికైన అక్షరాలు. స్టాప్‌వాచ్ చదివాడు. మళ్లీ చదివాడు.

"మూడింటి దాకా గాలి ఆడని రోజు. పదివేలలో 50. గాలి లేచేది మూడున్నర, నాలుగున్నర మధ్య."

తమ్ముడికి ముందు అర్థమైంది. "రెండు డబ్బాలు... రెండు రకాల రోజులు! అక్క పట్టికని రెండుగా చీల్చింది!"

"అలాంటి రోజులు యాభై," స్టాప్‌వాచ్ పెన్సిలు వేగంగా కదిలింది. "ఆ డబ్బాలో నూటికి ఇరవై ఎర్రవి. యాభైలో అయిదో వంతు... పది. మొత్తం ఆ పదే! మిగతా 9950 రోజుల డబ్బాలో ఎర్రది ఒక్కటీ లేదు. అన్ని రోజులూ కలిపి ఒకే పట్టిక కడితే వెయ్యికి ఒకటిలా కనిపించింది. కానీ గాలి అలా సమంగా పరుచుకుని లేదు. పదికి పదీ ఆ యాభై రోజుల్లోనే పోగుపడి ఉన్నాయి. ఇవాళ మనం చెయ్యి పెట్టవలసింది ఏ డబ్బాలో?"

నలుగురి చూపులూ కిటికీ వైపు తిరిగాయి. గట్టు మీద పరిచిన కాగితాలు, అరగంట పైగా బరువు లేకుండా, ఉన్న చోటే ఉన్నాయి. ఒక్క మూలైనా లేవలేదు. పొద్దుటి నుంచీ ఇన్‌స్పెక్టరు చెమట తుడుచుకుంటున్నాడు. తమ్ముడు అట్టతో విసురుకుంటున్నాడు.

"అయిదింట ఒకటి," అన్నాడు స్టాప్‌వాచ్. "ఇదిగో హేతువు. నాలుగింటికి ఇంకా ఇరవై ఏడు నిమిషాలుంది. ప్రారంభం ఆపించండి."

మేనేజరు నాలుకతో పెదవులు తడుపుకున్నాడు. "నాలుగింటికి కాదు."

"ఏమిటి?"

"మీరు ఆపిస్తారని తెలిసి... మూడున్నరకే పంపెయ్యమన్నాను."

గడియారం మూడూ ముప్పై నాలుగు. ఇన్‌స్పెక్టరు ఒక్క ఊపులో మేనేజరు నడుము నుంచి వైర్‌లెస్ సెట్టు ఊడబెరికాడు. "స్టేషన్! క్యాబిన్ ఆపండి! పోలీస్!"

"మేనేజరుగారి మాట లేకుండా తీగ ఆపకూడదండీ," అంది సెట్టులోని గొంతు.

"ఆపమని చెప్పండి!" అన్నాడు తమ్ముడు. మేనేజరు కుర్చీలో కూలబడి రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

"క్యాబిన్‌కి కలపండి," అన్నాడు స్టాప్‌వాచ్, సెట్టు అందుకుంటూ.

గరగర. తర్వాత హుషారైన గొంతు. "చెప్పండి సార్! పన్నెండు మందితో బ్రహ్మాండంగా పోతున్నాం. మా ఆవిడకి మెలకువ వచ్చిందా?"

"ఇంకా రాలేదు. మీరెక్కడున్నారు?"

"రెండో టవరు దాటాం. మధ్య టవరుకి రెండు నిమిషాలు."

"అక్కడ దిగే వేదిక ఉందా?"

"ఉందండీ. కానీ ఎందుకు? ఆవిడ సంతకం చూసుకునే ఎక్కాను నేను. ఆవిడ లెక్క తప్పదు."

"తప్పలేదు. మీరు చూసిన సంతకం కింద ఉన్నది ఆవిడ లెక్క కాదు. అసలుది నా చేతిలో ఉంది. రేకు మూత మీద." స్టాప్‌వాచ్ ఆ మాటలు ఒక్కొక్కటిగా చదివాడు.

కప్పీల చప్పుడు మీంచి ఆపరేటరు గొంతు వినిపించింది.

"గుండీల డబ్బా మూతేనా?"

"అదే బావా!" తమ్ముడు సెట్టు మీదికి వంగి అరిచాడు. "అక్క రెండు డబ్బాలు కట్టింది! ఇవాళ రెండో డబ్బా రోజు!"

"ఎర్రవి ఎన్ని?"

"నూటికి ఇరవై!"

"ఇరవయ్యా..." ఆ గొంతులో హుషారు పోయింది, దాని స్థానంలో పనిమంతుడి నిదానం వచ్చింది. "సరే. మధ్య టవరు దగ్గర చేత్తో బ్రేకు వేస్తాను. అందర్నీ దింపేస్తాను. నిమిషన్నర పడుతుంది."

స్టాప్‌వాచ్ సెకన్ల ముల్లు చూస్తున్నాడు. ముప్పై. అరవై. తొంభై.

కిటికీ గట్టు మీద చివరి పేజీ మూల మెల్లగా లేచి, మళ్లీ పడుకుంది. ఇంకోసారి లేచింది. ఈసారి పడుకోలేదు.

"సార్, అందరం దిగాం," అంది సెట్టులోని గొంతు, "పొద్దుటి నుంచీ గుడ్డపేలికలా వేలాడుతున్న టవరు జెండా... ఇప్పుడే నిటారుగా లేచిందండీ."